పక్కతట్ట

"అక్కా, రవ్వంత నా తట్ట చూస్తా ఉండు."

చిన్నప్పుడు నా చెవిన ఎక్కువసార్లు పడిన మాట ఇదే. ఆదోని మార్కెట్లో మా అమ్మ బొరుగుల తట్ట పెట్టుకుని కూర్చునేది. నాకు ఆకలైనా, తనకు దాహమైనా, బట్టీ దాకా పోయి ఇంకో మూట తెచ్చుకోవాల్సి వచ్చినా ముందు ఈ మాట అనేది. అన్నాక వెనక్కి తిరిగి చూడకుండా పోయేది. పక్కనున్నామె సరేనని కూడా అనేది కాదు. తాను కూర్చున్న గోనెపట్టను రెండు జానలు మా తట్ట వైపు జరుపుకునేది. అదే ఆమె జవాబు.

ఆ పక్కామెదీ బొరుగుల తట్టే. అదే బట్టీలో వేయించిన బొరుగులు, అదే శేరు డబ్బా, అదే ధర. మా అమ్మ దగ్గర ఒకరు కొన్నారంటే ఆమెకు ఒక బేరం పోయినట్టే. పొద్దున్నుంచి మాపటిదాకా ఒకే గిరాకీ కోసం ఎదురుచూసే ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి తట్టను ఒకరి చేతిలో పెట్టి నిశ్చింతగా లేచిపోయేవాళ్లు. అప్పుడు నాకది వింతగా తోచలేదు. పిల్లలకు కళ్లముందు జరిగేదంతా మామూలే. నలభై దాటినాక, నాలుగు ఊళ్లు తిరిగి, నాలుగు కొలువులు చేసినాక, ఆ రెండు జానలు జరగడం ఎంత పెద్ద సంగతో తెలిసివస్తోంది.

అమ్మ మార్కెట్లో కూర్చోడానికి కారణం నాయన పనిచేసే మిల్లు మూతపడటం. నాయన రింగ్ ఫ్రేముల దగ్గర తెగిన పోగులు అతికేవాడు. ఫ్రేము నడుస్తుండగానే తెగిన కొసను పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలిక తిప్పి వదిలితే పోగు మళ్లీ అల్లుకుపోవాలి. ఆలస్యమైతే దూది వృథా. ఇరవై ఏళ్లు అదే పని చేసిన చూపుడువేలి కొసన చిన్న గాడి పడింది. ఇంట్లో ఎవరి చొక్కాకైనా దారం వేలాడితే మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆయన వేళ్లు దాన్ని మెలితిప్పేవి. మిల్లు కూతతో మా వీధి లేచేది, కూతతో అన్నాలు తినేది, రాత్రి షిఫ్టు కూత విని పిల్లలు పడుకునేవాళ్లు. ఒకరోజు కూత రాలేదు. మరుసటి రోజూ రాలేదు. మా అవ్వ అయితే చాలా నెలలు ఆ వేళకు తలెత్తి చెవి ఒగ్గేది.

ఆదోనిని ఒకప్పుడు రెండో బొంబాయి అనేవాళ్లు. ప్రొద్దుటూరు వాళ్లు తమ ఊరినీ అదే మాట అంటారు, వాళ్లకు బంగారం, బట్టలు ఉన్నాయి. మాకున్నది పత్తి. మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది, ఆ దారిలో ఆదోని ఉంది. నల్లరేగడి భూములు చుట్టూ ఉన్నాయి. అంతకు పదేళ్ల ముందు అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లాంకషైరు మిల్లులకు దూది ఆగిపోయినప్పుడు, మన నల్లరేగడి పత్తికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. బళ్లారి, ఆదోని వైపు పండేదాన్ని మద్రాసు వర్తకులు 'వెస్టర్న్స్' అనీ, నంద్యాల వైపుదాన్ని 'నార్తర్న్స్' అనీ పిలిచారు. మన చేలకు దిక్కుల పేర్లు సముద్రపు ఒడ్డున కూర్చున్నవాళ్లు పెట్టారు. తరువాత జిన్నింగు ఫ్యాక్టరీలు, ప్రెస్సులు, నూనె మిల్లులు, నూలు మిల్లులు లేచాయి. మార్వాడీలు, గుజరాతీలు వచ్చి స్థిరపడ్డారు. ఊరు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది కాబట్టి కన్నడం ఎలాగూ ఉంది. నవాబుల కాలం నుంచి ఉర్దూ ఉంది. మా మార్కెట్లో ఒకే మిరపకాయల కుప్ప ధరను మూడు భాషల్లో అరిచేవాళ్లు, బేరం ఏ భాషలో మొదలైతే ఆ భాషలోనే ముగిసేది.

ఆదోని కాటన్ మిల్సును కేంద్ర ప్రభుత్వం 1974 నాటి చట్టం కింద జాతీయం చేసింది. ఆ చట్టం వెంట నష్టాల్లో పడిన మిల్లుల పొడవాటి జాబితా ఉంది. వరంగల్లు అజంజాహి మిల్లు, తాడిపత్రి అనంతపురం కాటన్ మిల్సు కూడా అందులోనే ఉన్నాయి. పాత యంత్రాలు, పెరిగిన కరెంటు ఖర్చు, మరమగ్గాల పోటీ, అన్నీ కలిసి దేశంలో ఎన్నో నూలు మిల్లుల ఊళ్లు ఒకదాని తరువాత ఒకటి చప్పుడు మానేశాయి. జిన్నింగు మాత్రం ఆదోనిలో ఇప్పటికీ ఉంది. పత్తి దిగే కాలంలో మార్కెట్ యార్డుకు ఇప్పుడు కూడా కర్ణాటక నుంచి సైతం పత్తి వస్తుంది. క్వింటాలు పత్తిని జిన్ను ఆడిస్తే ముప్పై మూడు, ముప్పై నాలుగు కిలోల దూది, మిగతాది గింజ, కొంచెం తరుగు. దూదిని 170 కిలోల బేళ్లుగా అణిచి పంపుతారు. పింజను రెండు చేతుల బొటనవేళ్ల మధ్య లాగి పొడవు చెప్పగలిగిన వాళ్లు ఆ యార్డులో ఇప్పటికీ ఉన్నారు. పత్తి పోలేదు. పోయింది నూలు. అంటే మా నాయన వేళ్లకు తెలిసిన పని.

మిల్లు మూతపడ్డాక మా వీధిలో మగవాళ్లు గడపల్లో కూర్చున్నారు. ఆడవాళ్లు తట్టలు ఎత్తుకున్నారు. ఇది ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఒకామె ఆకుకూరలు, ఒకామె గాజులు, ఒకామె తెల్లవారుజామున ఉగ్గాని, బజ్జి. మా అమ్మ బొరుగులు, పుట్నాల పప్పు, కాలం బట్టి బుడ్డలు. కొన్నాళ్లకు మగవాళ్లూ వచ్చారు. పోగు అతికే నాయన బట్టీ నుంచి మూటలు మోశాడు. మిల్లులో వందలమంది ఒక గేటులోంచి లోపలికి పోయేవాళ్లు, ఒక యజమాని, ఒక కూత, ఒక జీతాల రోజు. మార్కెట్లో గేటు లేదు. ఎవరి తట్ట వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది. మిల్లులో పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే ఆ హోరులో పెదవుల కదలిక చూసి అర్థం చేసుకోవాలని నాయన చెప్పేవాడు. మార్కెట్లో పక్కనున్న మనిషి మాట వినకుండా కూర్చోవడమే కష్టం.

ఆ పక్క గురించే నేను చెప్పదలుచుకున్నది. సంత అనగానే మనం ధర గురించి, సరుకు గురించి, బేరం గురించి మాట్లాడతాం. నాకు మాత్రం సంత నిలబడింది పక్కపక్కన కూర్చోవడం మీద అనిపిస్తుంది. అమ్మేవాడికి మూడు గజాల నేల ఇస్తే చాలదు. ఆ నేలకు అటూ ఇటూ మనిషి ఉండాలి.

పొద్దున్నే మొదటి గిరాకీ వంద రూపాయల నోటు ఇస్తే అమ్మ దగ్గర చిల్లర ఉండేది కాదు. పక్కామె తన కొంగుముడి విప్పి ఇచ్చేది. ఆ వేళకు ఆమెకు ఇంకా బోణీ అయ్యుండేది కాదు. బోణీ కాకుండా డబ్బు బయటికి పోకూడదని ఆ మార్కెట్లో ప్రతి ఒక్కరూ గట్టిగా నమ్ముతారు, అయినా ఇచ్చేది. ఒక చిన్న ఉపాయం ఉండేది వాళ్లకు. చిల్లర ఇచ్చే ముందు పక్కామె అమ్మ దగ్గర ఒక పిడికెడు పుట్నాలు తీసుకుని నోట్లో వేసుకునేది. అది కొన్నట్టు, ఇది ఇచ్చినట్టు. నమ్మకానికి భంగం రాలేదు, పక్కతట్ట బేరం చెడలేదు. ఆచారాన్ని వదలకుండా మనిషిని ఆదుకునే దారి వెతుక్కోవడం చదువుకున్న వాళ్లందరికీ చేతకాదు.

వాళ్లిద్దరూ కొట్లాడుకోలేదా అంటే, బాగా కొట్లాడుకున్నారు. ఒకసారి అమ్మ బట్టీకి పోయి వచ్చేలోపు పక్కామె మా తట్టలోంచి నాలుగు శేర్లు అమ్మింది. అమ్మ లెక్కకు అయిదు శేర్లు తగ్గాయి. ఒక శేరు తేడా. నువ్వు కొసరు ఎక్కువేసినావు అని అమ్మ, నేను మీ కొసరే వేసినాను అని ఆమె. కొసరు దగ్గర మొదలైన మాట ఎటెటో పోయింది. మిల్లు మూతపడ్డప్పటి అప్పులు, ఎవరి పెళ్లిలోనో ఎవరికో పెట్టని తాంబూలం, అన్నీ బయటికి వచ్చాయి. ఆ మాపటి నుంచి మాటలు లేవు.

మాటలు లేవు గానీ, మరుసటి రోజు అమ్మ నాకు అన్నం పెట్టడానికి లేవాల్సి వచ్చింది. "అక్కా" అనలేదు. లేచి నిలబడి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, ఎవరివైపూ చూడకుండా కాసేపు ఆగింది. పక్కామె కూడా చూడలేదు. గోనెపట్ట రెండు జానలు జరిగింది. అమ్మ నడిచిపోయింది. నేను అది చూశాను. వాళ్ల మౌనం నెలకు పైగా నడిచింది. ఆ నెలంతా గోనెపట్ట జరగడం ఒక్కరోజూ ఆగలేదు. చివరికి ఎప్పుడు, ఏ కారణంగా మాటలు కలిశాయో నాకు గుర్తులేదు. ఆ కలవడం కంటే ఆ మౌనంలో జరిగిన కాపలాయే నాకు గుర్తుండిపోయింది.

ప్రేమ ఉంటే కాపలా కాయడం తేలిక. కోపంలో కూడా కాశారే, అదీ గొప్ప. వాళ్లను అలా నిలబెట్టింది మంచితనం ఒక్కటే అనుకోను. రేపు తనకూ లేవాల్సిన పని పడుతుందని ఇద్దరికీ తెలుసు. ఒంటిగా తట్ట పెట్టుకున్న మనిషి ఎండలో నీళ్లు తాగడానికి కూడా లేవలేదు, ఒంటికి పోవడానికీ లేవలేదు. ఆడవాళ్లకు అదెంత కష్టమో వేరే చెప్పాలా. అవసరం నేర్పిన పని, రోజూ చేసీ చేసీ అవసరాన్ని దాటిపోయింది.

మా పడమటి మండలాల్లో వానలు నమ్మదగ్గవి కావు. తుంగభద్ర దిగువ కాలువ కొంత నేలను తడుపుతుంది గానీ, కోసిగి, ఆలూరు, హొళగుంద, పత్తికొండ వైపు చాలా ఊళ్లు ఆకాశాన్ని నమ్ముకున్నవే. పని లేని నెలల్లో జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీయడానికి, బెంగళూరుకు కట్టడాల పనులకు. ఇళ్లకు తాళాలు, ముసలివాళ్ల దగ్గర పిల్లలు. ఆ నెలల్లో మార్కెట్టు కూడా పల్చబడేది. తట్టలవాళ్లలో కొందరు అప్పులు తీర్చడానికి సుగ్గికి పోయేవాళ్లు. వాళ్ల చోటు ఖాళీ అయ్యేది.

ఆ ఖాళీ చోటును ఏం చేసేవాళ్లో గమనించండి. పక్కవాళ్లు అందులోకి పరుచుకునేవాళ్లు, ఎందుకు పరుచుకోరు, నేల ఊరికే పడి ఉంటే. కానీ కొత్తవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. "ఈడ మనిషుంది, సుగ్గికి పోయింది" అని చెప్పేవాళ్లు. రెండు మూడు నెలల తరువాత ఆ మనిషి ఎండకు నల్లబడి, చేతులకు మిరప మంటతో తిరిగి వచ్చి తట్ట దించితే, ఎవరూ ఏమీ అనకుండా రెండువైపుల వాళ్లు తమ పట్టలను మడుచుకునేవాళ్లు. పట్టా లేదు, కాగితం లేదు. ఆ చోటు నీదే అని చెప్పడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పక్కన కూర్చున్న మనిషి.

ఈ తెలివి నిన్నటిది కాదు. ఆదోనికి పడమరగా ఉన్న హంపిలో, కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆ నగరంలో రోజుకొక చోట సంత జరిగేదని రాసిపెట్టాడు. అక్కడి బజారు వీధుల్లో వరుసగా నిలబడ్డ రాతి మండపాలను చూసినప్పుడల్లా నాకు వాటి గోడలు లేనితనమే కనబడుతుంది. స్తంభాలున్నాయి, కప్పుంది, ఒక మండపంలో కూర్చున్నవాడికి పక్క మండపంలోవాడు కనబడతాడు. కట్టినవాళ్లకు రాతి గోడలు లేపడం చేతకాక కాదు గదా.

మా ఊరికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. అక్కడ మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టించాడు. నూలు సంఘం ఇచ్చేది, నేసిన బట్ట సంఘమే తీసుకునేది, మధ్యలో షావుకారు చేతికి చిక్కకుండా. ఒక్కో నేతగాడు ఒంటిగా షావుకారు ముందు నిలబడితే ఏమవుతుందో ఆ కాలంలో అందరికీ తెలుసు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే మిల్లు ఊళ్లోనూ 1844లో ఇరవై ఎనిమిదిమంది, వాళ్లలో నేతగాళ్లు కూడా ఉన్నారు, కూడబలుక్కుని వెన్న, చక్కెర, పిండి, కొవ్వొత్తులు అమ్మే చిన్న అంగడి తెరిచారు. ప్రపంచంలో సహకార సంఘాల చరిత్ర రాసినవాళ్లు ఆ అంగడి దగ్గర మొదలుపెడతారు. మిల్లు ఊరి మనుషులకు కలిసి కూర్చోవడం అలవాటు. ఒకే వరుసలో నిలబడి పనిచేసినవాళ్లు గదా. మా వీధి ఆడవాళ్లు మిల్లులో పనిచేయలేదు, అయినా ఆ వరుస వాళ్లకూ వంటబట్టింది.

ఇక అహమ్మదాబాదు. పెద్ద మిల్లు ఊరు. అక్కడి జౌళి కార్మిక సంఘంలో మహిళా విభాగం చూసే ఇలా భట్, 1972లో సేవా సంఘాన్ని మొదలుపెట్టింది. మిల్లు జీతం లేని ఆడవాళ్ల కోసం. తలమీద మూటలు మోసేవాళ్లు, పాత బట్టలు అమ్మేవాళ్లు, మాణెక్ చౌకులో కూరగాయల తట్టలు పెట్టుకునేవాళ్లు. ఎనభైల్లో అహమ్మదాబాదు మిల్లులు వరసగా మూతపడ్డప్పుడు ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది ఈ తట్టలే. ఆ చౌకులో తరతరాలుగా కూర్చున్న ఆడవాళ్లను లేపేయబోతే సేవా సంఘం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ కథ మొదట చదివినప్పుడు నేను మా అమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె అంతా విని, "ఆడ పక్కామె ఎవరు?" అని అడిగింది. మాణెక్ చౌకులో ఒక్కొక్కరి పక్కన ఎవరు కూర్చునేవాళ్లు అని ఆమె ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మాత్రం అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

మన చట్టాలు తట్టను చూశాయి. పక్కతట్టను చూడలేదు. దారి పక్కన వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమే, నియమాలకు లోబడి, అని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది. పార్లమెంటు 2014లో వీధి వ్యాపారుల చట్టం చేసింది. మంచి చట్టం, మనసారా అంటున్నాను. ప్రతి పట్టణంలో కమిటీ ఉండాలి, అందులో నలభై శాతం మంది వ్యాపారులే, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. సర్వే చేయకుండా ఎవరినీ లేపకూడదు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఆనవాయితీగా చేరే చోటుకు 'సహజ మార్కెట్టు' అని ఆ చట్టమే పేరుపెట్టింది. ఆ మాట నాకు చాలా ఇష్టం. కరోనా కాలంలో కేంద్రం స్వనిధి పేరుతో, మన రాష్ట్రం జగనన్న తోడు పేరుతో పదేసి వేల రూపాయల అప్పు ఇచ్చాయి. వడ్డీ వ్యాపారి దగ్గర పొద్దున తీసుకుని మాపటికి కట్టే అప్పుల మీద బతికేవాళ్లకు పదివేలంటే ఊపిరి.

కానీ గుర్తింపు కార్డు మీద ఒకే పేరు ఉంటుంది. ఒక మనిషి, ఒక ఫొటో, ఒక నంబరు. కొత్త మార్కెట్టు కట్టి, అందరినీ అందులోకి తరలించే రోజున చీట్లు తీస్తారు. చీటీ న్యాయమైందే, ఎవరికీ పక్షపాతం చూపదు. మా చిన్నమ్మ ఇంకో ఊళ్లో కూరగాయలు అమ్మేది. ఆ ఊరి పేరు వద్దులే. అక్కడ ఇలాగే చీట్లు తీశారు. ఇరవై ఏళ్లు ఆమె పక్కన కూర్చున్నామెకు వెనకవైపు మూల దొరికింది, చిన్నమ్మకు వాకిలి పక్కన దొరికింది. వాకిలి పక్కన దొరికిందంటే అదృష్టం అన్నారు అందరూ. షట్టరు గది, సిమెంటు అరుగు, పైన నంబరు. అటు గోడ, ఇటు గోడ. చిన్నమ్మ మధ్యాహ్నం ఇంటికి పోవాలంటే షట్టరు దించి తాళం వేసేది. షట్టరు దించిన గంటలో వచ్చిన గిరాకీ మరి రాదు. ఆరునెలలు తిరక్కుండానే ఆమె ఆ గదిని మూటలు పెట్టుకోవడానికి వాడుకుంటూ, తట్ట తెచ్చి బయట రోడ్డు మీదే పెట్టుకుంది. వెనక మూల ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది. వాళ్లిద్దరినీ ఇప్పుడు నిబంధన మీరినవాళ్లంటారు.

మార్కెట్లు కట్టేవాళ్లు, ఊళ్లు దిద్దేవాళ్లు ఈ మాట వినాలని నా ఆశ. చీటీ తీయండి, కానీ మనిషికొకటి కాకుండా వరుసకొకటి తీయండి. కలిసి కూర్చునే నలుగురో అయిదుగురో ఒక చీటీ. ఆ వరుస ఎక్కడ పడితే అక్కడ, వరుస చెదరకుండా. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో సర్వే కాగితంలో ఒక్క గడి పెట్టి రాసుకుంటే చాలు. గోడకు బదులు నడుము ఎత్తు అరుగు కట్టండి. అందుకు డబ్బు ఎక్కువేమీ కాదు, తగ్గుతుంది కూడా.

రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలైనప్పుడు నాకు సంతోషం కలిగించిన సంగతి అందులో ఇదే. గదులు కావు, కప్పు కింద వరుసగా అరుగులు. బోర్డు మీద ఆనాటి ధర రాస్తారు. వంకాయ ధర అందరికీ ఒకటే అయినప్పుడు పక్కవాడి కంటే రూపాయి తగ్గించి అతని గిరాకీని లాక్కోవాల్సిన పని లేదు. నీ వంకాయ తాజాగా ఉందా, నీ మాట బాగుందా, అంతే. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో ఉళవర్ సందై మొదలైంది. సంత, సందై, కన్నడంలో సంతె. మాట ఒకటే, సరిహద్దులు తరువాత వచ్చాయి. అయితే రైతు బజారులో కూర్చునేది రైతు. మా వీధి ఆడవాళ్లలాగా నేలా లేక, పంటా లేక, ఒకరి దగ్గర కొని ఒకరికి అమ్మే తట్టలవాళ్లకు అక్కడ చోటు తక్కువ. వాళ్లు బయట గేటు దగ్గర కూర్చుంటారు.

ఇప్పుడు ఎవరి మెడలో చూసినా, ఎవరి తట్ట పక్కన చూసినా స్కానర్ అట్ట. చిల్లర అడిగే పనే లేదు, ఇక పక్కామెతో అవసరం ఏముంది అనుకున్నాను నేను. ఈ మధ్య ఊరికి పోయినప్పుడు చూశాను. ఒక ముసలామె నిమ్మకాయలు అమ్ముతోంది, ఆమెకు ఫోను లేదు. కొన్నతను ఫోను పైకెత్తి ఎక్కడ కొట్టాలని అడిగాడు. ఆమె పక్కకు చెయ్యి చూపింది. పక్కన కొత్తిమీర అమ్మే పిల్ల తన అట్టను చేతికందేలా అటు తిప్పి పెట్టింది. డబ్బు ఆ పిల్ల ఖాతాలో పడింది, ఫోను మోగింది. ఆ పిల్ల బొగ్గుముక్కతో అట్టపెట్టె మూత మీద ఒక గీత గీసింది. మాపటికి ఆ గీతలు లెక్కపెట్టి, ముసలామెకు నోట్లు ఇస్తుందట. గీతలు ఎన్నని నేను వంగి చూశాను. పదిహేడో పద్దెనిమిదో ఉన్నాయి, అయిదింటికి ఒక అడ్డగీత. గీతల మీద ఇద్దరి చూపూ ఉంది, మాటిమాటికి లెక్కచూసుకునే చూపు కాదు. కొంగుముడిలోని చిల్లరే స్కానర్ అట్టలోకి మారింది, పక్క మారలేదు.

మా అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమె కూర్చున్న చోట ఇప్పుడు ఎవరో అల్లం, తెల్లగడ్డలు పెట్టుకుంటున్నారు. పక్కామె మాత్రం ఉంది. చూపు తగ్గింది. బొరుగులే. శేరు డబ్బా అదే, అడుగున సొట్ట కూడా అలాగే ఉంది. కిలోలు, గ్రాములు వచ్చి మూడు తరాలయినా బొరుగులను డబ్బాతోనే కొలుస్తారు, పైన గోపురం కట్టి, మీద ఒక పిడికెడు కొసరు. నన్ను గొంతుతో గుర్తుపట్టి, మా అమ్మ పేరుతో పిలిచింది. ఆమెకు నా పేరు ఎప్పుడూ గుర్తుండదు. పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆమె మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది, మందులంగడికి పోయి రావాలట.

"నాయనా, రవ్వంత తట్ట చూస్తా ఉండు" అంది.

నేను గోనెపట్ట మీద రెండు జానలు అటు జరిగాను. ఆమె వెనక్కి చూడకుండా పోయింది. అంతలో ఒక అబ్బాయి సైకిలు ఆపి శేరు ఎంత అని అడిగాడు. నాకు ధర తెలియదు. నోరు తెరిచి ఏదో అనబోయేలోపు, అవతలి అల్లం తట్ట మీంచి ఒక గొంతు ధర చెప్పింది. చెప్పి, "కొసరు మర్చిపోవద్దన్నా, ఆయమ్మ వేస్తాది" అంది.